అప్‌డేట్లు ఆగిన ఫోన్లో లీనియేజ్ ఓఎస్: ఎక్కడ జాగ్రత్త పడాలి, ఏ వరసలో చేయాలి

"ఫోన్ బాగానే ఉంది, బ్యాటరీ కూడా మార్పించాను, కానీ కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది. లీనియేజ్ ఓఎస్ వేసుకోవచ్చా? యూపీఐ పనిచేస్తుందా? హ్యాక్ అవుతుందా?" తిప్పి తిప్పి అందరూ అడిగేది ఇదే. కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు ఫోన్లో వేసుకునే ఉచిత ఆండ్రాయిడ్ వెర్షనే లీనియేజ్ ఓఎస్. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట పెడుతున్నాను.

ఉదాహరణకు పోకో ఎఫ్1 తీసుకుంటున్నాను. 2018 ఆగస్టులో మన దేశంలో విడుదలైంది. కంపెనీ దీన్ని ఆండ్రాయిడ్ 10 దగ్గర వదిలేసింది. స్నాప్‌డ్రాగన్ 845 చిప్ ఇంకా రోజువారీ పనికి సరిపోతుంది. మీది వేరే ఫోన్ అయితే బటన్లు, ఫైళ్లు మారతాయి కానీ జాగ్రత్తలు మారవు.

కమాండ్లను మాత్రం కావాలనే ఇవ్వడం లేదు. అవి మీ మోడల్‌కు ఉన్న లీనియేజ్ అధికారిక వికీ పేజీ నుంచే కాపీ చేసుకోండి. వేరే ఫోన్‌కు రాసిన కమాండ్ కొట్టి ఫోన్ పాడుచేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

## 1. ముందు తేల్చుకోండి: ఈ ఫోన్లో ఏమి ఉండకూడదు

ఫైళ్లు డౌన్‌లోడ్ చేయకముందే ఈ పని చేయాలి. ఫోన్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్ బూట్‌లోడర్; లీనియేజ్ వేయాలంటే దాని తాళం తీయాలి (అన్‌లాక్). అలా బూట్‌లోడర్ తెరిచిన ఫోన్ను డబ్బు లావాదేవీలకు నమ్ముకోకూడదు. నా ఇంట్లో పాటించే నియమం ఇదే.

- మీ దగ్గర ఉన్నది ఈ ఒక్క ఫోనేనా? అయితే ఆగండి. బ్యాంకు పనికి మరో ఫోన్ చూసుకున్నాకే మొదలుపెట్టండి.
- ఆఫీసు మెయిల్ ఇందులో ఉందా? చాలా కంపెనీల సెక్యూరిటీ యాప్‌లు ఇలాంటి ఫోన్లను ఒప్పుకోవు. మీ ఐటీ వాళ్లను ముందే అడగండి.
- సినిమాలు హెచ్‌డీలో చూడటం ముఖ్యమా? బూట్‌లోడర్ తెరిస్తే చాలా ఫోన్లలో వైడ్‌వైన్ (సినిమాలు కాపీ కాకుండా చూసే రక్షణ) స్థాయి ఎల్1 నుంచి ఎల్3కి పడిపోతుంది. ఆ తర్వాత కొన్ని ఓటీటీ యాప్‌లలో బొమ్మ మసకగానే వస్తుంది.

వీటికి జవాబులు నచ్చకపోతే ఫోన్ను ఉన్నదున్నట్టు పాటలకో, అలారానికో వాడుకోవడం మేలు.

## 2. రిస్కు అసలు ఎక్కడుంది

ఈ భాగం కొంచెం పొడుగు. అయినా దాటెయ్యకండి, తర్వాత చేసే ప్రతి పనికీ కారణం ఇక్కడే ఉంది.

తెరిచిన బూట్‌లోడర్. ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు ఒక భాగం తర్వాతి భాగాన్ని తనిఖీ చేస్తూ పోతుంది. ఎవరైనా సిస్టమ్‌ను మార్చి ఉంటే అక్కడే ఆపేస్తుంది. దీన్నే వెరిఫైడ్ బూట్ అంటారు. బూట్‌లోడర్ అన్‌లాక్ చేశాక ఈ ఆపడం ఉండదు. చాలా ఫోన్లలో ప్రతిసారీ ఒక హెచ్చరిక తెర వస్తుంది, అంతే.

అంటే మీ ఫోన్ అరగంట వేరేవాళ్ల చేతిలో ఉంటే, వాళ్లు కేబుల్ పెట్టి సిస్టమ్‌లో ఏదైనా దూర్చి మళ్లీ మీ బల్ల మీద పెట్టేయగలరు. ఎన్‌క్రిప్షన్ ఉంటుంది కాబట్టి ఫొటోలు వెంటనే చదవలేరు. కానీ తర్వాత మీరే పిన్ కొట్టి తాళం తీస్తారు కదా, వాళ్లకు కావాల్సింది అదే. దొంగతనం సంగతీ అంతే: గూగుల్ ఖాతా అడిగే ఫ్యాక్టరీ రీసెట్ రక్షణను అన్‌లాక్ అయిన ఫోన్లో తప్పించుకోవడం తేలిక.

పాత ఫర్మ్‌వేర్, అంటే చిప్‌లలో నడిచే కంపెనీ సాఫ్ట్‌వేర్. చాలామందికి తెలియనిది ఇదే. లీనియేజ్ వేస్తే ఆండ్రాయిడ్ భాగానికి కొత్త సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. మోడెమ్, బూట్‌లోడర్, చిప్ లోపల రహస్యాలు దాచే ట్రస్ట్‌జోన్ మాత్రం కంపెనీ ఆఖరిసారి ఇచ్చిన చోటే ఉండిపోతాయి. వాటిని కంపెనీ మాత్రమే సరిచేయగలదు, ఆ కంపెనీ ఏమో వదిలేసింది.

ఇదేమీ ఉత్త భయం కాదు. 2016లో ఒక భద్రతా పరిశోధకుడు స్నాప్‌డ్రాగన్ చిప్‌లు చేసే క్వాల్‌కామ్ ట్రస్ట్‌జోన్ లోపాలను వాడి ఫోన్ ఎన్‌క్రిప్షన్‌కు సంబంధించిన తాళాలను బయటికి తీయవచ్చని చూపించాడు. ఆ తాళం బయటికొస్తే 4 అంకెల పిన్ను కంప్యూటర్ చిటికెలో పట్టేస్తుంది. అందుకే తర్వాత పొడుగు పాస్‌వర్డ్ పెట్టుకోమంటాను.

ఎవరు తయారుచేశారో తెలియని రోమ్ (ఫోన్లో వేసే పూర్తి సిస్టమ్). సిస్టమ్ ఎవరిదో చూపే డిజిటల్ సంతకానికి ఒక కీ కావాలి. ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌తో పాటు అందరికీ అందుబాటులో ఉండే టెస్ట్ కీలు వస్తాయి. బద్ధకంతో ఆ కీలతోనే సంతకం చేసి రోమ్‌లు వదిలేవాళ్లున్నారు. అలాంటి రోమ్ మీద, అదే కీతో సంతకం చేసిన ఏ యాప్ అయినా సిస్టమ్ స్థాయి అధికారాలు అడిగి తెచ్చుకోగలదు. ఇల్లు కట్టినవాడు తాళంచెవి నకలు ఊరంతా పంచినట్టు.

రూట్. రూట్ అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం; లీనియేజ్‌కు అది అక్కర్లేదు. ఈ రెండూ ఒకటే అనుకుని వెంటనే రూట్ ఇచ్చే మ్యాజిస్క్ టూల్ వేసేస్తారు. రూట్ ఇచ్చిన యాప్‌కు మిగతా యాప్‌ల డేటా అంతా తెరిచినట్టే. గట్టి కారణం లేకపోతే వద్దు.

## 3. మీ మోడల్ పనికొస్తుందా

పెట్టె మీద పేరు సరిపోదు. డెవలపర్లు ఒక్కో ఫోన్‌కు ఒక కోడ్‌నేమ్ పెడతారు. పోకో ఎఫ్1 కోడ్‌నేమ్ బెరిలియమ్. ఒకే పేరుతో అమ్మిన ఫోన్‌కు దేశాన్ని బట్టి వేరే కోడ్‌నేమ్ ఉండవచ్చు. రెడ్‌మీ కొన్నవాళ్లు ఇది రెండుసార్లు చూసుకోవాలి.

- లీనియేజ్ అధికారిక జాబితాలో మీ కోడ్‌నేమ్ ఉందా?
- ఉంటే ఇప్పటికీ కొత్త బిల్డ్‌లు (తయారైన వెర్షన్లు) వస్తున్నాయా, ఆగిపోయాయా? ఆగిపోతే మళ్లీ పాత కథే.
- ఆ పేజీలో అడిగిన ఫర్మ్‌వేర్ వెర్షన్ మీ ఫోన్లో ఉందా? లేకపోతే ముందు కంపెనీ ఇచ్చిన ఆఖరి అప్‌డేట్ వేసుకోండి.

బ్రాండ్లను బట్టి కొన్ని మాటలు. షియోమీ, పోకో, రెడ్‌మీలకు అన్‌లాక్ చేయాలంటే అనుమతి తీసుకుని వేచి ఉండాలి. శామ్‌సంగ్‌లో కంపెనీది కాని సాఫ్ట్‌వేర్ వేస్తే నాక్స్ ఫ్యూజ్ (ఫోన్‌ను మార్చారని చూపే గుర్తు) శాశ్వతంగా మారిపోతుంది. తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి వేసినా సెక్యూర్ ఫోల్డర్ పనిచేయదు. హువావే 2018లోనే అన్‌లాక్ కోడ్‌లు ఇవ్వడం ఆపేసింది.

కొత్తగా కొనబోయేవాళ్లయితే పిక్సెల్ చూడండి. లీనియేజ్ లాగే ఆండ్రాయిడ్ నుంచి తయారైన గ్రాఫీన్ ఓఎస్ లాంటిది వేశాక దాని కీతోనే బూట్‌లోడర్‌కు మళ్లీ తాళం వేసుకునే వీలు పిక్సెల్‌లో ఉంది. మొదటి రిస్కు అక్కడ చాలావరకు పోతుంది.

## 4. బ్యాకప్: అన్‌లాక్ అంటే మొత్తం చెరిగిపోవడమే

అన్‌లాక్ చేసిన క్షణంలో ఫోన్ లోపలి డేటా అంతా పోతుంది. అది లోపం కాదు. దొంగ ఎవరైనా తాళం తీసి మీ డేటా చూడకూడదని అలా పెట్టారు.

నా మొదటి ప్రయత్నంలో ఫొటోలన్నీ భద్రంగా కాపీ చేశాను, ఓటీపీ కోడ్‌లు ఇచ్చే యాప్‌ను మరిచిపోయాను. నాలుగు ఖాతాల్లోకి తిరిగి వెళ్లడానికి వారం పట్టింది. అందుకే ఈ పట్టీ:

- ఫొటోలు, వీడియోలు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కంప్యూటర్లోకి
- వాట్సాప్ బ్యాకప్, దాన్ని తిరిగి తెచ్చుకునే పాస్‌వర్డ్‌తో సహా
- ఆథెంటికేటర్ యాప్ కోడ్‌లు రెండో ఫోన్‌కు
- కాంటాక్ట్‌లు ఒక ఫైల్‌గా. సిమ్‌లో ఉన్నవీ, ఫోన్లో ఉన్నవీ విడివిడిగా చూసుకోండి
- గూగుల్ ఖాతా, షియోమీ వాళ్ల ఎంఐ ఖాతా పాస్‌వర్డ్‌లు కాగితం మీద
- స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే వచ్చే రెండు ఐఎంఈఐ నంబర్లు కాగితం మీద
- యూపీఐ యాప్‌లు రెండో ఫోన్లో నమోదు చేసి, పది రూపాయలు పంపి చూసుకోవడం

ఆఖరిది ఈరోజే చేయండి. యూపీఐ నమోదుకు ఆ ఫోన్లో ఉన్న సిమ్ నుంచి ఎస్‌ఎంఎస్ వెళ్లాలి. సిమ్ మార్చాలి, రీఛార్జ్ ఉండాలి, ఏదో ఒక మెలిక పడుతుంది. ఫోన్ చెరిపేశాక పాలవాడి ముందు నిలబడి ఈ పని చేయలేరు.

## 5. ఫైళ్లు తెచ్చుకోవడం, సరిచూసుకోవడం

కావాల్సినవి మూడు: రికవరీ ఇమేజ్ (సిస్టమ్ వేయడానికి వాడే చిన్న ప్రోగ్రామ్), లీనియేజ్ జిప్, గూగుల్ యాప్‌లు కావాలంటే వాటి జిప్. గూగుల్ యాప్‌లకు వికీలో సూచించిన మైండ్ ద గ్యాప్స్ అనే ప్యాకేజీ చాలు. చిప్ రకం, ఆండ్రాయిడ్ వెర్షన్ రెండూ సరిపోవాలి.

కంప్యూటర్ నుంచి ఫోన్‌కు కమాండ్లు పంపే ఏడీబీ, ఫాస్ట్‌బూట్ ఉండే ప్లాట్‌ఫామ్ టూల్స్‌ను గూగుల్ డెవలపర్ సైట్ నుంచే తీసుకోండి. "ఒక్క క్లిక్‌తో అన్నీ" అనే టూల్స్ జోలికి పోవద్దు.

డౌన్‌లోడ్ అయ్యాక ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైల్‌కు వేలిముద్ర లాంటిది) లెక్కించి సైట్‌లో ఉన్నదానితో పోల్చండి. విండోస్‌లో దీనికి సర్ట్‌యుటిల్ అనే టూల్ ముందే ఉంటుంది. మొదటి నాలుగు అక్షరాలు చూసి సరిపెట్టుకోకండి, మొత్తం పోల్చండి. డౌన్‌లోడ్ చెడిపోయిందా అన్నది హ్యాష్ చెబుతుంది. ఇది నిజంగా లీనియేజ్ వాళ్లదేనా అన్నది చెప్పేది సంతకం. దాన్ని సరిచూసే పద్ధతి వికీలో ఉంది, పది నిమిషాల పని.

టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో పెట్టిన "సూపర్ ఫాస్ట్ గేమింగ్ బిల్డ్" వద్దు. పెట్టినవాడు మంచివాడే కావచ్చు. వాడి కంప్యూటర్ సంగతి మనకు తెలియదు కదా.

## 6. బూట్‌లోడర్ అన్‌లాక్

1. సెట్టింగ్స్‌లో వెర్షన్ నంబర్ మీద 7 సార్లు నొక్కండి. డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి.
2. ఓఈఎం అన్‌లాకింగ్, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి.
3. షియోమీ అయితే వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఎంఐ ఖాతాను ఫోన్‌తో జత చేయండి.
4. ఫోన్ ఆఫ్ చేసి వాల్యూమ్ డౌన్, పవర్ కలిపి నొక్కితే ఫాస్ట్‌బూట్ తెర వస్తుంది. కేబుల్ పెట్టి కంపెనీ అన్‌లాక్ టూల్ నడపండి.

ఇక్కడ చాలామందికి 168 గంటలు ఆగమని వస్తుంది, అంటే ఏడు రోజులు. ఆగండి. మధ్యలో ఖాతా తీసి మళ్లీ పెట్టవద్దు, లెక్క మొదటికి రావచ్చు.

ఈ వారం రోజుల ఓపిక లేనివాళ్లకే వల వేస్తారు. "వెంటనే అన్‌లాక్ చేసిపెడతాం, ఎనీడెస్క్ ఆన్ చేయండి" అనే ప్రకటనలు కుప్పలు. ముక్కూ మొహం తెలియని మనిషికి మీ కంప్యూటర్ మొత్తం అప్పజెప్పడం అది. అందులో మీ బ్రౌజర్, అందులో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. అలా ఇచ్చేసి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

## 7. ఇన్‌స్టాల్ వరస

బ్యాటరీ సగానికి పైన ఉండాలి. డేటా వెళ్లే కేబుల్ కావాలి, ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చేది కాదు. కరెంటు పోయే వేళల్లో డెస్క్‌టాప్ మీద ఈ పని పెట్టుకోవద్దు.

1. ఫాస్ట్‌బూట్ తెరలో ఉండగా లీనియేజ్ రికవరీని ఫ్లాష్ చేయండి, అంటే ఫోన్లో రాయండి.
2. ఫోన్ను మామూలుగా ఆన్ కానివ్వకుండా వాల్యూమ్ అప్, పవర్ పట్టుకుని నేరుగా రికవరీలోకి వెళ్లండి. మధ్యలో పాత సిస్టమ్ ఆన్ అయితే తన రికవరీని మళ్లీ రాసేసుకుంటుంది.
3. ఫ్యాక్టరీ రీసెట్‌లో ఫార్మాట్ డేటా చేయండి. ఇది వదిలేస్తే పాత ఎన్‌క్రిప్షన్‌తో కొత్త సిస్టమ్‌కు పొసగక లోగో దగ్గర తిరుగుతూనే ఉంటుంది.
4. అప్లై అప్‌డేట్, ఆ తర్వాత అప్లై ఫ్రమ్ ఏడీబీ ఎంచుకుని లీనియేజ్ జిప్‌ను సైడ్‌లోడ్ చేయండి, అంటే కేబుల్ ద్వారా కంప్యూటర్ నుంచి పంపి వేయండి.
5. గూగుల్ యాప్‌లు కావాలంటే సిస్టమ్‌ను ఆన్ చేయకముందే వాటినీ ఇలాగే సైడ్‌లోడ్ చేయాలి. ముందు రికవరీని ఒకసారి రీస్టార్ట్ చేయమని అడిగితే ఒప్పుకోండి.
6. రీబూట్. మొదటిసారి కొంచెం ఆలస్యమవుతుంది, టెన్షన్ పడి పవర్ నొక్కకండి.

కొన్నిసార్లు సైడ్‌లోడ్ 47 శాతం దగ్గర ఆగి ఏదో ఎర్రర్ చూపిస్తుంది. చివర్లో "సక్సెస్" అనే మాట ఉంటే అయిపోయినట్టే. ఇది చూసి గుండె ఆగినంత పనైన రోజు నాకూ ఉంది.

సంతకం సంగతి మాత్రం బాగా గుర్తుంచుకోండి. గూగుల్ యాప్‌ల జిప్ వేసేటప్పుడు "సిగ్నేచర్ వెరిఫికేషన్ ఫెయిల్డ్" అని రావడం మామూలే, దాని మీద లీనియేజ్ సంతకం ఉండదు కాబట్టి. అదే మాట లీనియేజ్ జిప్‌కే వస్తే ముందుకు వెళ్లకండి. ఫైల్ చెడిపోయింది, లేదా అది లీనియేజ్ వాళ్లది కాదు. ఏ ఫైల్‌కైనా అలవాటుగా "ఎస్" నొక్కేసేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

## 8. ఆన్ అయిన మొదటి గంటలో

సెట్టింగ్స్‌లో ట్రస్ట్ అనే పేజీ వెతకండి. ఎస్‌ఈలైనక్స్ (యాప్‌లను హద్దుల్లో ఉంచే రక్షణ) అమల్లో ఉందా, డేటా ఎన్‌క్రిప్ట్ అయిందా, ప్యాచ్ తేదీలేమిటి అన్నీ అక్కడే ఉంటాయి. ప్లాట్‌ఫామ్ ప్యాచ్ కొత్తగా, వెండర్ ప్యాచ్ ఏళ్ల నాటిదిగా కనిపిస్తుంది. రెండో భాగంలో చెప్పిన పాత ఫర్మ్‌వేర్ అదే. అది మీరు సరిచేయగలిగింది కాదు.

- పిన్ బదులు అక్షరాలు, అంకెలు కలిసిన పాస్‌వర్డ్. రోజూ వేలిముద్ర వాడుకోండి.
- యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆఫ్, రూటెడ్ డీబగ్గింగ్ ఆఫ్.
- అవసరం లేనప్పుడు బ్లూటూత్ ఆఫ్. పాత ఫర్మ్‌వేర్‌కు గాలిలోంచి తగిలే దెబ్బలు దీని ద్వారా, వైఫై ద్వారా వస్తాయి.
- 2జీని ఆపే ఆప్షన్ ఉంటే ఆపేయండి.
- అప్‌డేటర్‌లో వచ్చే బిల్డ్‌లను వాయిదా వేయకండి. ఇంత కష్టపడింది వాటికోసమే.
- ఫోన్ను రిపేరుకు ఇవ్వాల్సి వస్తే ముందు డేటా చెరిపేసి ఇవ్వండి. తిరిగి వచ్చాక రికవరీ, సిస్టమ్ రెండూ మళ్లీ వేసుకోండి.

గూగుల్ యాప్‌లు లేకుండా వాడేవాళ్లకు యాప్‌లు ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్‌లో దొరుకుతాయి. తెలుగు టైపింగ్‌కు అక్కడ ఇండిక్ కీబోర్డ్ ఉంది.

## 9. బ్యాంకు యాప్‌లు, యూపీఐ

యాప్‌లు గూగుల్ ప్లే ఇంటిగ్రిటీని అడిగి ఫోన్ నమ్మదగినదా కాదా తేల్చుకుంటాయి. బేసిక్, డివైస్, స్ట్రాంగ్ అని మూడు మెట్లు. బూట్‌లోడర్ తెరిచిన ఫోన్ స్ట్రాంగ్ మెట్టు మామూలుగా ఎక్కలేదు. 2025 మే నుంచి ఆండ్రాయిడ్ 13, ఆపై వెర్షన్లలో డివైస్ మెట్టుకూ చిప్ ఇచ్చే సాక్ష్యం కావాలి. ఏ యాప్ ఏ మెట్టు అడుగుతుందన్నది దాని ఇష్టం. ఈరోజు తెరుచుకున్న యాప్ రేపటి అప్‌డేట్‌తో మొరాయించవచ్చు.

దీన్ని దాటడానికి రూట్ చేసి, ఏవో మాడ్యూళ్లు వేసి, ఎక్కడో లీకైన కీలతో ఫోన్ కొత్తదని నమ్మించే పద్ధతులు తిరుగుతున్నాయి. వాటిని నేను వాడను, చెప్పను. గూగుల్ ఆ కీలను రద్దు చేస్తూ ఉంటుంది, వీళ్లు కొత్తవి వెతుకుతూ ఉంటారు. అదలా ఉంచండి, ఎవరో రాసిన కోడ్‌కు పూర్తి అధికారం ఇచ్చి, పక్కనే బ్యాంకు యాప్ తెరవడం ఏం తెలివి?

దీనికి బదులు:

- యూపీఐ, బ్యాంకు యాప్‌లు తాళం వేసి ఉన్న, అప్‌డేట్లు వస్తున్న ఫోన్లో. చవకదైనా ఫరవాలేదు. బ్యాంకులో నమోదైన సిమ్ కూడా అందులోనే ఉండాలి, ఓటీపీలు దానికే వస్తాయి.
- ఆ ఫోన్ పనిచేయనప్పుడు చిన్న మొత్తాలకు స్టార్ 99 హ్యాష్ సేవ. ఇంటర్నెట్ అక్కర్లేదు. కానీ నమోదైన సిమ్‌ను తీసి ఏదో ఒక మామూలు ఫోన్లో వేసుకోవాలి.
- పెద్ద మొత్తాలకు కంప్యూటర్లో నెట్ బ్యాంకింగ్.

## 10. తరచూ జరిగే తప్పులు

కంప్యూటర్‌కు ఫోన్ కనిపించడం లేదు. పదిలో ఎనిమిది సార్లు కేబుల్. తర్వాత విండోస్ డ్రైవర్. అదీ కాకపోతే యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టి చూడండి, లేదా వేరే కంప్యూటర్.

గూగుల్ యాప్‌లు తర్వాత వేశాను, క్రాష్ అవుతున్నాయి. ఒకసారి సిస్టమ్ ఆన్ అయ్యాక వేయకూడదు. 7వ భాగంలోని 3వ మెట్టు నుంచి, అంటే ఫార్మాట్ దగ్గర నుంచి మళ్లీ రండి.

"సర్టిఫై కాని ఫోన్" అని ప్లే స్టోర్ అంటోంది. ఇలాంటి ఫోన్ల కోసం గూగులే ఒక నమోదు పేజీ పెట్టింది. అక్కడ ఫోన్ ఐడీ ఇచ్చి కొన్ని గంటలు ఆగండి.

సిగ్నల్ లేదు, ఐఎంఈఐ సున్నా చూపిస్తోంది. ఫర్మ్‌వేర్ సరిపోనప్పుడు కూడా ఇలా జరుగుతుంది, ముందు కంపెనీ ఆఖరి సాఫ్ట్‌వేర్ తిరిగి వేసి చూడండి. ఇది రాకూడదంటే ఫాస్ట్‌బూట్‌లో ఏ పార్టిషన్‌నూ (ఫోన్ మెమరీలో ఒక భాగం) వికీ చెప్పకుండా చెరపకండి. "కొత్త ఐఎంఈఐ రాసిస్తాం" అనే దుకాణానికి మాత్రం వెళ్లవద్దు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం ఐఎంఈఐ మార్చడం నేరం. మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్దామనుకుంటే ఫోన్ చచ్చిపోయింది. కారణం యాంటీ రోల్‌బ్యాక్, అంటే పాత వెర్షన్ వేయకుండా ఆపే రక్షణ. 2018లో రెడ్‌మీ నోట్ 5 ప్రో వాడిన చాలామందికి ఇది అనుభవమే. కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి వేసేటప్పుడు ఎప్పుడూ ఉన్నదానికంటే పాతది వేయకండి.

## 11. తిరిగి తాళం వేయడం, అమ్మడం

లీనియేజ్ ఉండగా బూట్‌లోడర్‌కు మళ్లీ తాళం వేయకండి. "భద్రత కోసం" అని ఉత్సాహపడి ఇలా చేసినవాళ్లుంటారు. ఫోన్ తన కంపెనీ సంతకం కోసం వెతుకుతుంది, దొరకదు, ఇక ఆన్ కాదు. షియోమీ ఫోన్లలో అక్కడి నుంచి బయటపడాలంటే కంపెనీ అనుమతి ఉన్న సర్వీస్ ఖాతా దాకా వెళ్లాల్సి రావచ్చు.

వరస ఇది: మీ ప్రాంతానికి చెందిన కంపెనీ పూర్తి సాఫ్ట్‌వేర్ వేయండి. అది మామూలుగా ఆన్ అయి, సిమ్ పనిచేస్తోందని చూడండి. ఇంకో దేశం వెర్షన్ మీద తాళం వేస్తే ఇదే సమస్య. అంతా సరిగ్గా ఉంటేనే తాళం వేయండి, డేటా మళ్లీ చెరిగిపోతుంది. ఫ్లాష్ టూల్‌లో అన్నీ చెరిపి తాళం వేసే ఆప్షన్ ముందే ఎంచి ఉంటుంది, అదొకటి గమనించండి. తెలియక దాన్ని అలాగే వదిలేసి, తర్వాత మళ్లీ 168 గంటలు కూర్చున్నాను నేను.

అమ్మేసేటట్లయితే గూగుల్, ఎంఐ ఖాతాలు తీసేసి, కొనేవాళ్లకు ఈ ఫోన్ ఒకసారి తెరిచి మూసినదని చెప్పండి.